చివరి అధ్యాయం చదవకముందే పోయిన నవల

మాచర్లలో మా వీధి చివర, రైలు పట్టాలకు దగ్గరగా టీచరమ్మగారి ఇల్లు ఉంటుంది. ఆమె హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ముందుగది నిండా పుస్తకాలే. గోడలకు బిగించిన నాపరాళ్ళ అరలు చాలక కిటికీ గట్టు మీద కూడా దొంతరలు పేర్చి ఉంటాయి. మధ్యాహ్నం జొహర్ నమాజు చదువుకున్నాక, ఆడపిల్లలు నా దగ్గరికి అరబ్బీ పాఠానికి వచ్చేలోపు, మా అత్తగారిని వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్ళడం నాకు అలవాటు.

అక్కడ నన్ను పట్టేసినవి ఒక రకం నవలలు. వాటిలో హత్య ఉంటుంది గాని నెత్తురు కనపడదు. పోలీసు ఉంటాడు గాని సంగతి తేల్చేది అతను కాదు. పాత పుస్తకాల కొట్టు నడుపుకునే పెద్దావిడో, లైబ్రరీలో పుస్తకాలు సర్దే అమ్మాయో టీ కాచుకుంటూ, ఇరుగుపొరుగుతో మాట్లాడుకుంటూ, అందరి కళ్ళముందూ ఉండి ఎవరూ చూడని ఒక చిన్న విషయాన్ని పట్టుకుంటారు. తప్పుడు చోట ఉన్న కుర్చీ, అరలో తలకిందులుగా ఉన్న పుస్తకం, అలాంటివి. టీచరమ్మగారు ఒక పేజీ తనలో తాను చదువుకుని, వేలు అడ్డం పెట్టి పుస్తకం మూసి, మాకు తెలుగులో చెప్పేవారు. సరిగ్గా అసలు చోట ఆపి నా వైపు చూసేవారు.

"ఇప్పుడు చెప్పమ్మా, ఎవరు?"

నేను ఎవరో ఒకరి పేరు చెప్పేదాన్ని. చాలాసార్లు తప్పే. మా అత్తగారు కుర్చీలో కూర్చోరు, మోకాళ్ళ నొప్పులున్నా చాప మీదే కూర్చుని తస్బీ పూసలు తిప్పుకునేవారు. కథ వింటున్నారో లేదో తెలిసేది కాదు. ప్రతి కథలోనూ ఆమె అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే.

"ఎవరు చంపితే ఏందిలే. పోయినోడికి జనాజా నమాజు ఎవరన్నా చదివారా లేదా?"

"వాళ్ళది వేరే దేశం వదినా. చర్చిలో చేస్తారు," అనేవారు టీచరమ్మగారు.

"యాడన్నా చెయ్యనీ. చేశారా లేదా?"

నిజం చెప్పాలంటే ఆ నవలల్లో ఆ సంగతి ఎక్కడా రాయరు.

వాటి మీద నాకున్న ఇష్టం గురించి నేనే చాలా ఆలోచించాను. మాకు చిన్నప్పటి నుంచి నేర్పిన పాఠం ఒకటుంది. అనుమానాల్లో కొన్ని పాపమని, ఇంకొకరి గుట్టు తవ్వకూడదని, తోటివారి తప్పును కప్పితే రేపు అల్లాహ్ మన తప్పును కప్పుతాడని. ప్రతి గురువారం ఆడవాళ్ళు ధర్మబోధ వినడానికి కూడే ఇజ్తెమాలో ఆ మాట వింటాను, నా దగ్గర చదువుకునే పిల్లలకు నేనే చెబుతాను. మరి ఈ కథల్లో జరిగేదంతా అనుమానించడం, గుట్టు తవ్వడమే కదా. వింటున్నంతసేపూ నాకు మనసు కుదుటపడినట్టు ఉంటుందేమిటి? ఒక జవాబు దొరికింది గాని, అది పూర్తిదని అనను. ఎవరు చేశారో అల్లాహ్‌కు మొదటి పేజీలోనే తెలుసు. మనకు చివరి పేజీ దాకా తెలియదు. ఆ మధ్యలో ఉండేదంతా మనిషి తన తెలివి ఎంతో తెలుసుకునే చోటు. నాకు అక్కడ ఉండటం ఇష్టం.

ఈ సంగతి జరిగిన వారం మేము చదువుతున్న నవల పాత పుస్తకాల బజారులో జరుగుతుంది. చివరి అధ్యాయం ఒక్కటే మిగిలింది. మంగళవారం చదవడం కుదరలేదు. టీచరమ్మగారికి చుట్టాల దగ్గర నుంచి ఫోను వచ్చి, ఆమె మాట్లాడుతూనే ఉండిపోయారు. మక్కా వెళ్ళి ఉమ్రా చేసి వచ్చిన మావాళ్ళు ఇచ్చిన ఖర్జూరాలు మా అత్తగారు అట్టపెట్టెతో సహా తెచ్చి, పళ్ళు ప్లేటులో పోసి ఆమె ముందు పెట్టారు. నేను పిల్లలు వస్తారని ముందే లేచి వచ్చేశాను. బుధవారం వెళ్ళేసరికి నవల లేదు.

శుక్రవారం పొద్దున టీచరమ్మగారింట్లో పనిచేసే ఆవిడ మా వరండాలోకి వచ్చి నిలబడింది. ఆ ఇంట్లో ఆమె ఎన్నో ఏళ్ళుగా ఊడ్చి, గిన్నెలు తోముతోంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది.

"టీచరుగారు నన్ను రావద్దన్నారు అక్కా. పాత పేపర్ల బండికి పుస్తకం వేశానంట. గేటు కాడ నిలబెట్టి అడిగారు, అందరూ చూస్తన్నారు."

"నువ్వు వేశావా?"

"నేనేయలా." ఆ మాట గట్టిగానే అంది గాని, కళ్ళు నేల మీదే ఉన్నాయి. "ఒకింట్లో దొంగ అన్నాక మిగతా ఇళ్ళల్లో గిన్నెలు ఎవరేస్తారు? నువ్వు కథల్లో దొంగల్ని పట్టుకుంటావంట గదా. నా సంగతి కూడా చూడు."

ఆమె ఏదో దాస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. కథలో అయితే నా వేలు ఆమె మీదే ఉండేది. అప్పుడే నాలో నేను ఒక షరతు పెట్టుకున్నాను. మనిషిని వెతకను, పుస్తకాన్ని వెతుకుతాను. పోయిన వస్తువును వెతకడం పాపమని ఎవరూ అనలేదు.

ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆమె లోపలికి రానని గేటు బయటే ఆగిపోయింది. టీచరమ్మగారు ముభావంగా ఉన్నారు.

"ఆమె కోసం వచ్చావా?"

"పుస్తకం కోసం వచ్చానండి. చివరి అధ్యాయం వినకుండా నాకు నిద్ర పట్టట్లేదు."

"నాకు మాత్రం పట్టిందా? అడిగితే నంగినంగిగా మాట్లాడింది. తప్పు చెయ్యకపోతే ఆ తడబాటేంది?" అంటూ లోపలికి వెళ్ళి టీ తెచ్చి టీపాయ్ మీద పెట్టారు.

నేను ఆ టీ వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ టీపాయ్‌కి ఒక కాలు పొట్టి. దాని మీద ఏం పెట్టినా ఊగుతుంది, టీ సాసర్లోకి ఒలకని రోజు లేదు. ఆ పూట ఒలకలేదు. చేత్తో నొక్కి చూశాను. కదల్లేదు. వంగి చూస్తే పొట్టికాలి కింద మడతపెట్టిన అట్టముక్క ఉంది. మా ఖర్జూరాల పెట్టె అట్ట.

"ఇది మీరు పెట్టారా?"

"నేను చూడనే లేదు," అన్నారు టీచరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని.

నేను గేటు దగ్గరికి వెళ్ళి పనావిడను అడిగాను. దొంగతనం మాట ఎత్తలేదు. "టీపాయ్ కాలి కింద ఏం పెట్టావు?" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది.

"టీ ఒలుకుతోందని మంగళవారం పొద్దున తిట్టారక్కా. అరలో ఒక పుస్తకం వీపు చిరిగి కనపడింది. పాతదే గదా, ఒక్క పూటకేలే అని కింద దోపినా. తర్వాత చూస్తే అది లేదు, అట్టముక్క ఉంది. చదువుల తల్లి అని పుస్తకం కిందపడితేనే కళ్ళకద్దుకుంటారు ఆవిడ. కాలి కింద పెట్టానంటే ఊరుకుంటారా? అందుకే చెప్పలా."

ఆమె దాచింది ఇది. పుస్తకం తీసినవాళ్ళు మాత్రం వేరే ఎవరో. తీస్తూ టీపాయ్ ఊగకుండా అట్ట కూడా పెట్టి వెళ్ళారు. అమ్ముకునేవాళ్ళు, చదువుకుందామని కొట్టేసేవాళ్ళు బల్ల గురించి ఆలోచించరు. పుస్తకం కాలి కింద ఉండటం చూడలేనివాళ్ళే ఆ పని చేస్తారు.

"ఆ పుస్తకం అట్ట మీద ఏముందో గుర్తుందా?" అని అడిగాను. నేను ఎప్పుడూ దాన్ని టీచరమ్మగారి చేతుల్లోనే చూశాను, అట్ట ఆమె వేళ్ళ వెనకే ఉండేది.

"బజారు బొమ్మ. కొట్ల మీద మీ అక్షరాలున్నయ్. మీ మసీదు గోడ మీద ఉంటయ్ చూడు, అట్టాంటియ్యే."

మళ్ళీ లోపలికి వెళ్ళి ఆ అట్టముక్కను బయటికి లాగి చూశాను. నాలుగువైపులా మడిచి, చివరి మూలను లోపలికి దోపి ఉంది. వక్కపొట్లం కట్టినట్టు. మా ఇంట్లో వక్కపొట్లం అలా కట్టేది ఒక్కరే. దాన్ని మళ్ళీ కాలి కిందే దోపి ఇంటిదారి పట్టాను.

ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు జుమా రోజు కదా అని బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు. అడగ్గానే చెప్పేశారు. ఆమెకు అది దాచాల్సిన సంగతిలా లేదు.

"టీపాయ్ కాలి కింద అరబ్బీ అక్షరాలున్న కితాబు పెట్టారమ్మాయ్. నువ్వు కుర్చీలో కూర్చుంటావు, నీకు కనపడదు. నేను చాప మీదుంటాను, నా కళ్ళెదురుగానే ఉంది. పాపం, టీచరమ్మకి తెలవక జరిగిందేలే అనుకున్నా. ఆ మాట అంటే ఆమె నొచ్చుకుంటది. ఆమె ఫోనులో ఉండగానే తీసి, ముద్దుపెట్టుకుని, నా పచ్చరుమాలులో చుట్టి మసీదు డబ్బాలో వేసొచ్చా."

మా మసీదు గోడ పక్కన ఒక పెద్ద రేకు డబ్బా ఉంటుంది. చినిగిపోయిన గ్రంథాల కాగితాలు, పవిత్రమైన మాటలున్న క్యాలెండర్లు, పెళ్ళి శుభలేఖలు ఎక్కడంటే అక్కడ పారేయలేక అందరం అందులో వేస్తాం. డబ్బా నిండినప్పుడు జుమా నమాజు అయ్యాక ఎవరో ఒకరు ఆటోలో తీసుకెళ్ళి, అదబ్‌తో, భక్తిగా కృష్ణలో వదిలి వస్తారు.

"ఎప్పుడు తీసుకెళ్తున్నారు?"

"ఈ పూటే," అన్నారు మా అత్తగారు. అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. "ఏమే, ఎందుకంత కంగారు?"

పనావిడ సంగతి చెప్పాను. మా అత్తగారు చెప్పులు వేసుకున్నారు.

మేము వెళ్ళేటప్పటికి నమాజుకు ఇంకా జనం రాలేదు. అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్ డబ్బాలోవి గోనెసంచిలోకి మారుస్తున్నారు. నేను గేటు దగ్గర ఆగాను. మా అత్తగారు రుమాలు గుర్తు చెప్పగానే ఆయన సంచిలో చెయ్యి పెట్టి పైకి తీశారు. విప్పి, అట్టను వెలుతురుకు పట్టి చదివి, నవ్వాపుకున్నారు.

"ఖాలా, ఇది ఖురాన్ ఆయతు కాదు. బట్టలకొట్టు బోర్డు. ఇక్కడ మేలురకం బట్టలు దొరుకును, అని రాసుంది."

మా అత్తగారు నా వైపు చూశారు. నేను కూడా ఆ అక్షరాలు గడగడా చదవగలను, అర్థం మాత్రం చెప్పలేను. పిల్లలకు నేర్పేదాన్ని, నాకే తెలియలేదు. ఆ రోజు నుంచి అరబ్బీ మాటలకు అర్థాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. అది వేరే సంగతి.

"అక్షరాలైతే అయ్యేగా," అన్నారామె, కొట్టు బోర్డును కూడా తిరిగి రుమాలులో చుట్టుకుంటూ.

దారిలో నేను ఒక ఉపాయం చెప్పాను. ఆ నవలల్లో చివరికి అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఆ పుస్తకాల కొట్టావిడ వేలు చూపించి చెబుతుంది. మా అత్తగారి వైపు వేలు చూపించడం నాకు ఇష్టం లేదు. తప్పు కప్పమన్నారు కదా. పుస్తకం దొరికింది, పొరపాటున మా సంచిలో వచ్చింది అంటే సరిపోతుంది.

ఆమె నడక ఆపి నన్ను చూశారు.

"కప్పడమంటే నా తప్పు నీ నోటితో కప్పడం కాదు. అబద్ధం కూడా నేర్చావూ, బాగుంది. నా పరువు కోసం ఆ పనామె మీద అనుమానం అట్టే ఉంచి, ఆమె నోటికాడ కూడు తీస్తావా? నడువు."

టీచరమ్మగారి ముందుగదిలోకి వెళ్ళి, రుమాలు టీపాయ్ మీద పెట్టి, "టీచరమ్మా, మీ దొంగను నేనే," అన్నారు. తర్వాత ఎందుకు తీశారో, ఎందుకు చెప్పలేదో అంతా చెప్పారు. గేటు నుంచి మా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ పనావిడ కూడా అప్పుడు తన సంగతి చెప్పేసింది. "కాలి కింద పెట్టింది మాత్రం నేనే టీచరుగారూ. తిట్టండి, పడతా."

టీచరమ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత, "అడగకుండా తీసుకెళ్ళినావిడ నాకు నొప్పి కలగకూడదని చెప్పలేదు. దీనికి నేనంటే భయమై చెప్పలేదు. నన్ను చూసి ఎంత మర్యాదమ్మా మీకందరికీ," అన్నారు. ఆ మాట ఎగతాళో బాధో నాకు అర్థం కాలేదు. పనావిడ వైపు తిరిగి, "తప్పు నాది. రేపటినుంచి రా," అన్నారు.

ఆమె కదల్లేదు. "ఆ మాట ఇక్కడంటే ఎట్టా టీచరుగారూ. దొంగ అన్నది గేటు కాడ గదా. గేటు కాడే అనండి."

టీచరమ్మగారు లేచి గేటు దాకా నడిచారు. ఎదురింటావిడ బియ్యం చెరుగుతోంది, పక్కింటి వాళ్ళు అరుగు మీద ఉన్నారు. బడిలో వెనక బెంచీ దాకా వినపడేలా మాట్లాడిన గొంతు కదా అది, వీధి మొత్తం వినపడింది. "మా పుస్తకం ఈమె తియ్యలేదు. నేనే తొందరపడి నింద వేశాను. అందరూ వినండి." ఎదురింటావిడ చేట ఆపి, "మాకు ముందే తెల్సులే టీచరమ్మా," అంది. తెలిస్తే మొన్న ఎందుకు చెప్పలేదని ఎవరూ అడగలేదు.

ఆ పూట చివరి అధ్యాయం చదవలేదు. జుమా అజాన్ వినపడగానే మా అత్తగారు లేచారు. నాకు హంతకుడెవరో తెలుసుకోవాలని ప్రాణం లాగుతూనే ఉంది. ఇంటికెళ్ళి నమాజులో నిలబడినప్పుడు కూడా ఒక్క క్షణం ఆ బజారు గుర్తొచ్చింది, దానికి క్షమించమని తౌబా చేసుకున్నాను.

సోమవారం మేము వెళ్ళేసరికి టీపాయ్ కింద ఖర్జూరాల అట్ట అలాగే ఉంది. నవల పై అరలో, పచ్చరుమాలులోనే ఉంది. పనావిడ గిన్నెలు తోముతోంది. టీచరమ్మగారు రుమాలు కిందికి దించి ముడి మీద చెయ్యి వేశారు.

"ఆగండి, ఆ అమ్మాయిని చేతులు తుడుచుకుని రానీండి," అన్నారు మా అత్తగారు, చాప మీద పక్కకు జరుగుతూ.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ చోట్లో కూర్చున్నాక, టీచరమ్మగారు ముడి విప్పారు.