అప్పీలమ్మ

మా చెల్లి కాళ్లు తయారుచేస్తుంది. ఈ మాట చెప్పగానే ఎవరైనా ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "కృత్రిమ కాళ్లా?" అని అడుగుతారు. అవును, అవే. ఇక్కడి కాలేజీలోనే ఆ చదువు చదివింది. మోకాలి కింద తీసేసిన కాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీస్తారు. ఆ అచ్చును ఆకురాయితో అరగదీసి సరిచేస్తారు. దాని మీద వేడి ప్లాస్టిక్ పరిచి తొడుగు చేసి, కింద గొట్టమూ పాదమూ బిగించి, మనిషిని నడిపించి చూస్తారు. పట్టా చేతికొచ్చేసరికే ఉద్యోగం కూడా ఖాయమైంది. గిడ్డంగుల వీధిలో వర్క్‌షాపు నడిపే ముసలాయన, పరీక్షలప్పుడు కాలేజీకి వచ్చి దీని పని చూశాడు. "నా దగ్గర చేరు" అన్నాడట. మాటల మనిషి కాదు, అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

ఇక మిగిలింది వర్క్ వీసా. నేనూ మా ఆయనా ఈ దేశం వచ్చి చాలా ఏళ్లయింది. అప్పట్లో మాకు ఇట్టే వచ్చేసింది. "నీకేమే, ఇక్కడ చదివిన పిల్లవి, పిలిచి ఇస్తారు" అన్నాను.

ఇవ్వలేదు. ఇది నైపుణ్యం కావలసిన పని అట. అభ్యర్థికి అనుభవం ఉన్నట్టు ఆధారం లేదట. అనుభవం లేని మనిషికి ఇలాంటి ఉద్యోగం ఎవరూ ఇవ్వరు కనక, అసలు ఈ ఉద్యోగమే నిజమైనది కాదని అనుమానమట.

వీసా ఆఫీసు నుంచి వచ్చిన ఆ ఉత్తరాన్ని చెల్లి వంటింట్లో నిలబడే చదివింది. "అనుభవం లేదు కాబట్టి వీసా ఇవ్వరు. వీసా లేదు కాబట్టి పని చెయ్యనివ్వరు. పని చెయ్యకుండా అనుభవం ఎక్కణ్ణుంచి తేవాలే అక్కా, బజార్లో అమ్ముతారా?"

"పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు," అన్నాడు మా ఆయన గిన్నెలు తుడుస్తూ.

"బావా, ఇప్పుడు నీ సామెతలు కట్టిపెట్టు."

"సరే తల్లీ. అప్పీలు చేద్దాం."

అలా అప్పీలన్న మాట మా ఇంట్లో కాలుపెట్టి తిష్ట వేసింది. పొద్దున కాఫీ దగ్గర అదే, రాత్రి అన్నాల దగ్గర అదే. వారం తిరక్కుండా మా ఆయన చెల్లికి అప్పీలమ్మ అని పేరు పెట్టాడు. మొదటిసారి నవ్వింది. రెండోసారి విననట్టు ఊరుకుంది. మూడోసారి చేతిలో ఉన్న గరిటె విసిరింది.

అప్పీలంటే కోర్టు మెట్లెక్కడం అనుకున్నాను. చాలావరకు అది ఫోను చెవికి ఆనించుకుని కూర్చోవడం. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఓ గొంతు, వెనకాల అదే సంగీతం. చివరికి మనిషి పలికితే, అప్పీలు మీరు వెయ్యకూడదు, యజమాని వెయ్యాలి అంటుంది. మర్నాడు ఇంకో మనిషి, యజమానికి ఏం సంబంధం, మీరే వెయ్యాలి అంటుంది. పట్టా ఫోటో వెబ్‌సైట్లో పెట్టబోతే సైజు ఎక్కువైందంటుంది. కుదించి పెడితే అక్షరాలు కనబడ్డం లేదని తిప్పి పంపారు. చెల్లి లాప్‌టాప్ మూసేసి, వరండాలోకి వెళ్లి, ఆరేసిన బట్టలన్నీ తీసి మళ్లీ ఆరేసింది. అది కోపమొస్తే చేసే పని.

కాలేజీలో చేసిన ప్రాక్టికల్స్ అనుభవంగా లెక్కించమని అడిగింది. పర్యవేక్షణలో చేసేది శిక్షణ అవుతుంది గానీ అనుభవం కాదన్నారు. అప్పుడిక లాయరును పెట్టుకున్నాం. మనసు మంచిదే, నోరే కాస్త కత్తెర.

"నేర్చుకున్నాను అని ఎక్కడా రాయకమ్మా. చేశాను అని రాయి," అంది లాయరమ్మ. "ఈ పర్యవేక్షణ అన్న ముక్క కొట్టెయ్."

"పక్కన మా టీచరు నిలబడి ఉండేదండి."

"నిలబడితే నిలబడింది. అచ్చు తీసిందెవరు?"

"నేనే."

"మరింకేం? నువ్వే చేశావు."

బయటికొచ్చాక చెల్లి, "ఆవిడ చెప్పినట్టు వింటే నేను పుట్టడమే కాళ్లు బిగిస్తూ పుట్టాను," అంది.

తీర్పు వచ్చేదాకా పని చెయ్యకూడదు. జీతం లేకుండా చేసినా తప్పే. ఇంట్లో కూర్చుంటే దానికి పిచ్చెత్తేలా ఉండేది. ముసలాయన్ని అడిగితే, "వచ్చి చూడు. ఏదీ ముట్టుకోకు," అన్నాడు. రోజూ వెళ్లి గోడవారన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునేది. ఎదురుగా బల్ల మీద ప్లాస్టర్ పొడి, కొక్కేలకు వేలాడే తొడుగులు, అలమారలో వరసగా పాదాలు. పొద్దున ఎలా వెళ్లిందో అలాగే, ఒక్క మరక లేని బట్టలతో ఇంటికి వచ్చేది. ఆ శుభ్రం చూస్తేనే దానికి చిన్నతనంగా ఉండేది.

ఓ రోజు దాన్ని తీసుకురావడానికి నేను కాస్త ముందే వెళ్లాను. బట్టలు కుట్టే ఒకావిడ వచ్చి ఉంది. కొత్త కాలు పెట్టించుకుని ఎన్నాళ్లో కాలేదట, అడుగేస్తే నొప్పి. రెండు కమ్మీల మధ్య వాటిని పట్టుకుని కుంటుతూ నడిచింది. ముసలాయన పీట మీద కూర్చుని చూస్తున్నాడు. చెల్లి కుర్చీలో అటూ ఇటూ కదిలింది. ఆపుకోలేకపోయింది.

"సార్, ముందువైపు ఎముక చివర నొక్కుతోందండి. అక్కడ వేడిచేసి కాస్త వెడల్పు చేస్తే సరిపోతుంది."

"నిన్నడిగానా?" అన్నాడాయన, తల తిప్పకుండానే.

ఆవిడ కాలు విప్పించి చూశాడు. చెల్లి చెప్పిన చోటే చర్మం ఎర్రగా కమిలి ఉంది. దాని మొహం వెలిగింది. ముసలాయన మాత్రం ఆకురాయీ తీయలేదు, వేడిచేసే యంత్రమూ పెట్టలేదు. ఆవిడ తొడుగు లోపల వేసుకునే మేజోడు మీద ఇంకో మేజోడు తొడిగి, కాలు మళ్లీ బిగించి, నడవమన్నాడు. నడిచింది. కమ్మీలు వదిలేసి మరీ నడిచింది.

"నొప్పి నువ్వు చెప్పిన చోటే," అన్నాడు చెల్లితో. "తప్పు అక్కడ లేదు. కాలు సన్నబడింది, తొడుగు వదులైంది, మనిషి లోపలికి దిగిపోతోంది. వెడల్పు చేస్తే ఇంకా దిగుతుంది."

బస్సులో చెల్లి టికెట్లు తీసుకుంది. తర్వాత, "వాళ్లు రాసింది నిజమేనే అక్కా. నాకు అనుభవం లేదు," అంది.

"అందుకేగా ఆయన దగ్గర చేరతానంటున్నావు?"

"అదేగా నా మంట!" అని అరిచింది. ముందు సీట్లో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

చివరికి విచారణకు పిలిచారు. పెద్ద హాలేదో ఉంటుందనుకుంటే, బల్ల, నీళ్ల జగ్గు, కిటికీ లేని గది. విచారణాధికారికి జలుబు చేసి ఉంది. ముసలాయన కోటు వేసుకుని వచ్చాడు గానీ, బూట్ల మీద ప్లాస్టర్ చుక్కలు అలాగే ఉన్నాయి. చెల్లి ఎన్నెన్ని అచ్చులు తీసిందో లాయరమ్మ ధాటిగా చెప్పుకుపోయింది.

అధికారి ముక్కు తుడుచుకుని చెల్లి వైపు తిరిగాడు. "అయితే మీకు అనుభవం ఉందంటారు?"

చెల్లి లాయరమ్మను చూసింది. నన్ను చూసింది. "లేదండి," అంది.

లాయరమ్మ కలం ఆగిపోయింది. చెల్లి ఆ బట్టలు కుట్టే ఆవిడ మేజోడు సంగతి మొదలుపెట్టి, ఎక్కడా తగ్గకుండా, తను పొరబడ్డదంతా చెప్పేసింది. "ఆయనకు కావాల్సింది అనుభవం ఉన్న మనిషి కాదండి. అనుభవం ఆయన దగ్గరుంది. నేర్చుకునే మనిషి కావాలి. ఆ ఉద్యోగానికే నేను అడుగుతున్నాను."

"ఈమెనే ఎందుకు?" అని అధికారి ముసలాయన్ని అడిగాడు.

"చేతులు మంచివి. అనుభవం ఉన్నవాళ్లు పెద్దాసుపత్రులకు పోతారు, నా దగ్గరికెవరొస్తారు? నాకా, వయసైపోతోంది."

పని చెప్పేటప్పుడు తప్ప ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారి రావడం అదే మొదలట, చెల్లి చెప్పింది.

బయటికొచ్చాక లాయరమ్మ చెల్లితో మాట్లాడలేదు. నాతో మాత్రం, "ఇంత కష్టపడి కట్టిన గోడను తనే తోసేసింది మీ చెల్లి," అంది. నాకూ అలాగే అనిపించింది. మా ఆయన ఒక్కడే, "నిజం చెప్పింది, వదిలెయ్యండి," అన్నాడు.

మేం గెలిచాం. నిబంధనల్లో అనుభవం అన్న షరతే లేదని, ఆఫీసువాళ్లు దాన్ని సొంతంగా చేర్చారని తీర్పు. ఇంకో వాక్యం కూడా ఉంది. దరఖాస్తును అదే ఆఫీసు మళ్లీ పరిశీలించాలి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా. వైద్య పరీక్ష పాతబడింది, మళ్లీ చేయించమన్నారు. చేయించేసరికి ముసలాయన ఇచ్చిన ఉద్యోగ పత్రం గడువు దాటిందన్నారు. ఆయన ఇంకోటి రాసి, "వీళ్లకు కాలు పోతే తెలుస్తుంది," అన్నాడు. చెల్లి అప్పటికి ఫోనులో వాదించడం కూడా మానేసింది. ఎవరేం అడిగినా "పంపుతాను" అనేది.

వీసా వచ్చిన రోజు ఇంట్లో పండగ అవుతుందనుకున్నాను. అది చదివి, "ఒక్క ఏడాదికే," అని స్నానానికి పోయింది. నీళ్ల చప్పుడులో ఏడుస్తున్నట్టు వినబడింది. నేను తలుపు కొట్టలేదు.

చేరాక మొదట్లో ముసలాయన దానిచేత పాత అచ్చులు పగలగొట్టించాడు, ప్లాస్టర్ కలిపించాడు. ఈ మధ్యే మొదటి అచ్చు తీయనిచ్చాడు. అది కుదరలేదు. కాలేజీలో టీచరు పక్కనుండగా తీసినంత తేలిక కాదట. ఆయన చూసి, పక్కన పెట్టి, మళ్లీ తీయమన్నాడు. జుట్టంతా తెల్లపొడితో ఇల్లు చేరి, అన్నం కలుపుకుంటూ తనను తాను తిట్టుకుంది. ఎక్కడ చెయ్యి వదులు చేసిందో తన మోకాలి మీద వేళ్లు పెట్టి నాకు చూపించింది. నాకు అర్థం కాకపోయినా తలూపాను. ఇంకొంచెం పప్పు వడ్డించుకుని, పొద్దున్నే వెళ్లాలి, త్వరగా లేపమని చెప్పి పడుకుంది.