ఇంజనుకు కట్టిన వాసెన

నలభై ఒక్క సంవత్సరాలుగా నా దగ్గర ఒక అబద్ధం ఉంది. చిన్నదే. తొమ్మిది మాటలు. ఒక నోటు పుస్తకంలో నలభై మూడో పేజీలో నీలం సిరాతో, నా చేతిరాతలోనే ఉంది. మనసులో బరువు అంటే గుండె మీద బండ అంటారు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. పంట్లో ఇరుక్కున్న మామిడి పీచులా ఉండేది. అన్నం తింటూనే ఉంటాం, నవ్వుతూనే ఉంటాం, నాలుక మాత్రం పదే పదే అక్కడికే పోతుంది.

నా పేరు చెప్పను. మాది గురజాల దగ్గర ఒక ఊరు. వయసు డెబ్భై ఎనిమిది. నేను అంకెల మనిషిని. ఏ గేదె ఏ రోజున ఈనిందో, ఏ వాన ఎన్ని గంటలు కురిసిందో రాసి పెట్టుకుంటాను. ఊళ్లో ఏదన్నా తగువు వస్తే "ఆమె పుస్తకంలో చూడండి" అనేవాళ్లు. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. జరిగిందంతా దీని మీదే ఆధారపడి ఉంది, అందుకని చెబుతున్నాను.

మాకొక వ్యాను ఉండేది. సాగర్ డ్యాం పనుల మీద వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు వదిలి వెళ్లిన బండి అది. రెండు మూడు చేతులు మారి మా ఆయన దగ్గరకు చేరింది. ముందు ముక్కు లేదు, ఇంజను వెనక. రేడియేటరు లేదు, నీళ్లు పోసే పని లేదు. గాలితోనే చల్లబడే ఇంజను. మా ఆయన దాన్ని పెళ్లిళ్లకు తిప్పేవాడు. అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఆయిలు ఎప్పుడు మార్చామో రాయడం నా పని.

లక్షా పన్నెండు వేల కిలోమీటర్ల దగ్గర ఇంజను పొగ కక్కడం మొదలుపెట్టింది. బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ఖాసిం అని మెకానిక్ ఉండేవాడు. మా ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినమ్మా అనేవాడు. ఇంజను దించి మా దొడ్లోనే గోనెపట్టాల మీద పరిచి, పదకొండు రోజులు పని చేశాడు. నేను ముక్కాలి పీట వేసుకుని పక్కన కూర్చుని ప్రతిదీ రాశాను. పిస్టన్లు నాలుగు. రింగులు కొత్తవి. వాల్వుల సందు ఎంత పెట్టాడో అంత. చివరి రెండు రోజులు కార్బురేటర్. ఇత్తడి జెట్టును వెలుతురుకు ఎత్తి, కన్ను చికిలించి, రంధ్రంలోంచి నన్ను చూసి నవ్వాడు.

"వదినమ్మా, ఈ బెజ్జం మీదే ఉంది కథంతా. చిన్నదైతే పెట్రోలు చాలదు, ఇంజను కాగి చస్తది. పెద్దదైతే తాగుబోతు అయిపోద్ది."

జెట్టు మీద చెక్కిన అంకె నూట పాతిక. బండితో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలోనూ నూట పాతికే. రెండూ సరిచూసి ముప్పై తొమ్మిదో పేజీలో రాశాను. ఆ పేజీలోనే ఇంకా రెండు మాటలు ఉన్నాయి, అతను అన్నవే. "దుమ్ము దీని శత్రువు." దాని కింద, "గాలే దీనికి నీళ్లు."

మొదటి మాట పట్టుకున్నాను. రెండోది రాసి వదిలేశాను.

అది మే నెల. ఆవకాయలు పెట్టే రోజులు. బండి వెనక రెండు పక్కలా, పైన, చేప మొప్పల్లాంటి చీలికలు ఉంటాయి. పల్నాడు రోడ్ల సంగతి తెలుసు కదా, సున్నపు బట్టీల బూడిద, నాపరాళ్ల లారీల దుమ్ము. పదకొండు రోజులు కళ్లెదుట కడిగి తుడిచి బిగించిన ఇంజనులోకి అదంతా పోతుందే అనిపించింది. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. జాడీలో మంచి సరుకు పెడితే మూతికి వాసెన కట్టాలి. మా ఆయన పాత పంచె ఉడకబెట్టి ఆరేసి రెండు ముక్కలు చేసి, ఒక్కోటి రెండు మడతలు వేసి అంచులు కుట్టాను. అంగుళానికి పన్నెండు కుట్లు. బయట కడితే చూసేవాళ్లు నవ్వుతారని వెనక మూత ఎత్తి, లోపలి వైపు నుంచి ఆ దారులకు బిగించి కట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పని అనుకోలేదు. ఖాసింను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ప్రతిదీ అడిగి రాసేదాన్ని, ఆ ఒక్కటీ ఎందుకు అడగలేదు? గాలే నీళ్లయితే ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందో అడగాలని ఎందుకు తోచలేదు? వాసెన కట్టడం నాకు తెలిసిన పని. తెలిసిన పనికి ఇంకొకరిని అడగడం ఏమిటి అనుకున్నానేమో.

పద్దెనిమిదో తేదీ, పెళ్లికూతురి వాళ్లను ఎక్కించుకుని నరసరావుపేట బయలుదేరాం. పిల్లలతో కలిపి పదకొండు మందిమి. కారంపూడి దాటాక బండి బరువుగా లాగుతోందని మా ఆయన అన్నాడు. కాసేపటికి కాలిన వాసన. ఆ తర్వాత ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మళ్లీ కదల్లేదు.

మా ఆయన లారీ ఆపడానికి రోడ్డు మీదకు పరిగెత్తాడు. మిగిలినవాళ్లు పెళ్లికూతురికి గొడుగు పట్టి నీడ వెతుక్కుంటున్నారు. నేను కొంగు చేతికి చుట్టుకుని వెనక మూత ఎత్తాను. వాసెన గుడ్డలు కట్టిన చోట లేవు. ఇంజను గాలి కోసం లాక్కుని లాక్కుని వాటిని ఫ్యాను మూతి దాకా తెచ్చుకుంది. ఒకటి మొత్తంగా వచ్చింది. రెండోది లాగితే సగం చిరిగి నా చేతికి వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. వచ్చిన గుడ్డలను తమలపాకుల బుట్టలో అడుగున పెట్టి పైన ఆకులు పరిచాను. ఆకుల మీద తడిగుడ్డ కూడా కప్పాను. ఇదీ గుర్తే.

మర్నాడు సాయంత్రం మా అరుగు మీద నలుగురూ కూడారు. పెళ్లివారు నాలుగు గంటలు ఎండలో పడి ఉన్నారు, ముహూర్తం అంచుల దాకా వచ్చింది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. మా ఆయన పెదనాన్న పెద్దమనిషిగా కూర్చున్నాడు. ఖాసింను పిలిపించారు. పాపం, పానాల సంచితో సహా వచ్చాడు. బండి బాగు చేయమంటారేమో అనుకుని.

"ఏందిరా ఖాసిం, పదకొండు రోజులు పురుడు పోసి ఇదా నువ్వు కన్నది? పెళ్లికొడుకు కంటే ముందు నీ ఇంజను అలిగింది గదరా!"

పెదనాన్న మాటకు అందరూ నవ్వారు. ఖాసిం నవ్వలేదు.

"ఒక్కసారి విప్పనియ్యండి పెద్దయ్యా. లోపల ఏం జరిగిందో ఇంజనే చెబుతది."

"ఇంజను చెప్పేదేంది, నోరుందా దానికి? అమ్మాయ్, నీ పుస్తకం ఏమంటంది?"

పుస్తకం నా చేతిలోనే ఉంది. నలభై మూడో పేజీ ఆ మధ్యాహ్నమే రాశాను. చదివాను.

"మెయిన్ జెట్ చిన్నది వేసినందున పెట్రోలు చాలక ఇంజను కాగి పట్టేసింది."

అతను నేర్పిన పాఠమే. అతని మీదకే తిప్పాను. ముప్పై తొమ్మిదో పేజీ ఆ పుస్తకంలోనే ఉంది, నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే చాలు. ఎవరూ తిప్పమనలేదు. నేనూ తిప్పలేదు.

ఖాసిం నన్ను చూశాడు. కోపంగా కాదు. లెక్క తప్పిన పిల్లవాడు పలక వంక చూసినట్టు చూశాడు.

"నూట పాతికే వేశాననుకున్నా వదినమ్మా."

"అనుకోడాలేందిరా," అన్నాడు పెదనాన్న.

ఖాసిం తన కుడి చేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "వదినమ్మ పుస్తకంలో ఉంటే నాదే పొరపాటయ్యుంటది. ఒక్కసారి విప్పి చూసుకుంటే నా మనసుకు..."

"ఇంక విప్పేదేముంది," అన్నాను నేను.

ఆ మాట కూడా నాదే. అడగకుండా అన్నాను. తొమ్మిది మాటలు భయం కొద్దీ రాశానని సర్దిచెప్పుకోవచ్చు. ఈ రెండు మాటలకు ఆ సర్దుబాటు కూడా లేదు. లోపల సగం గుడ్డ ఉందని నాకు తెలుసు.

దేనికి భయపడ్డాను? మా ఆయనకా? ఆయన రెండు రోజులు అరిచి మూడో రోజు మర్చిపోయే మనిషి. ఊరికా? ఆడది ఇంజనుకు వాసెన కట్టిందని ఒక ఏడాది నవ్వేవాళ్లు, అంతే. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా నాకు దొరికేది ఒకటే కారణం. అప్పటికి నా రాతలో తప్పు పట్టినవాళ్లు ఎవరూ లేరు. ఆ లెక్కను చెడగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. దాని కోసం ఒక మనిషి పనితనాన్ని ఇచ్చేశాను.

వ్యానును వెనక పత్తి కొట్టంలోకి తోయించాం. విప్పలేదు. ఆ తర్వాత ఖాసిం షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. ఆగస్టులో రేకులు విప్పుకుని చిలకలూరిపేట వెళ్లిపోయాడు, జిన్నింగు మిల్లులో బేళ్లు మోసే పనికి. పదమూడేళ్ల తర్వాత ఆ ఊరి బస్టాండులో కనిపించాడు. వెంట్రుకల నిండా దూది. తనే పలకరించాడు. మళ్లీ షెడ్డు పెట్టలేదా అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"బండ్లు ముట్టుకోవడం మానేశా వదినమ్మా. చెయ్యి మీద నమ్మకం పోయింది. అంత చూసుకుని వేసింది కూడా తప్పయినాక ఇంకేం ముట్టుకుంటాం?"

నేను "మాచర్ల బస్సు వచ్చినట్టుంది" అన్నాను. నిజంగానే వచ్చింది. ఎక్కాను.

ఊరంతా నమ్మితే నమ్మింది. అతనూ నమ్మాడు. తన కంటితో చూసిన అంకె కంటే నా పుస్తకాన్ని నమ్మాడు. ఏడేళ్ల కింద పోయాడని తెలిసింది. తేదీ రాసుకున్నాను. వెళ్లలేదు. ఆ నమ్మకంతోనే పోయాడు.

ఈ సంవత్సరం మా మరిది కొడుకు శ్రీను ఆ వ్యానును బయటికి లాగించాడు. ఇలాంటి పాత బండ్లను బాగు చేసుకుని తిప్పడం ఇప్పుడు సరదా అట. నరసరావుపేట నుంచి సాంబయ్య అని మెకానిక్ వచ్చాడు. మళ్లీ మా దొడ్లోనే ఇంజను దించారు. మళ్లీ పీట వేసుకుని పుస్తకంతో కూర్చున్నాను. శ్రీను వచ్చినవాళ్లందరికీ కథ చెబుతున్నాడు. మా చిన్నప్పుడు ఖాసిం అని ఒకడు తప్పు జెట్టు వేసి కాల్చేశాడు అని. ఫోనులో కూడా పెట్టాడట, ఫొటోలతో సహా. చచ్చిపోయిన మనిషి పొరపాటును చూసి నాకు తెలియని ఊళ్లవాళ్లు నవ్వుతున్నారు.

మూడో రోజు సాంబయ్య కార్బురేటర్ విప్పాడు. జెట్టును వెలుతురుకు ఎత్తాడు.

"పెద్దమ్మా, దీన్ని కట్టినోడెవరో గానీ మంచి పనోడు. ఒక్క స్క్రూ తల కూడా నలగలేదు."

"తప్పు జెట్టు వేసింది అతనే గదా," అన్నాడు శ్రీను.

"ఎవురు చెప్పారు నీకు? నూట పాతిక. కళ్లజోడు పెట్టుకుని చూడు."

మర్నాడు ఫ్యాను మూత విప్పితే లోపల నల్లగా కాలి గట్టిపడిన గుడ్డ. "ఇదేంది పెద్దమ్మా?" అన్నాడు శ్రీను.

"ఎలకలు లాక్కొచ్చి ఉంటాయి," అన్నాను. డెబ్భై ఎనిమిదేళ్ల వయసులో, ఎదురుగా అంత సాక్ష్యం పెట్టుకుని, మళ్లీ.

సాంబయ్య దాని అంచును గోటితో విప్పి నవ్వాడు. "మీ ఊరి ఎలకలు కుట్టుపని కూడా నేర్చినయ్యా ఏంది?"

కాలని చోట కుట్లు తెలుస్తున్నాయి. లెక్కపెట్టనక్కర్లేదు. అంగుళానికి పన్నెండు.

ఆ పూటకు లేచి లోపలికి వెళ్లాను. మర్నాడు పొద్దున శ్రీనును కూర్చోబెట్టి ముప్పై తొమ్మిదో పేజీ, నలభై మూడో పేజీ పక్కపక్కన చూపించి జరిగింది చెప్పాను. వాడు రెండు పేజీలూ మళ్లీ చదివాడు. తర్వాత, "అందరూ పోయారు గదా పెద్దమ్మా, ఇప్పుడు చెప్పి ఏం లాభం?" అన్నాడు. వాళ్లు ఉన్నప్పుడు చెప్పి ఉంటే లాభం ఉండేది. అప్పుడు చెప్పలేదు. ఫోనులో పెట్టింది మార్చమన్నాను. మార్చాడు. నా పేరు రాయనా అని అడిగాడు. రాయి అన్నాను. వాడు రాయలేదు, "ఇంట్లోవాళ్ల పొరపాటు" అని రాశాడు. ఇక్కడ నేనూ పేరు చెప్పలేదు. అంత ధైర్యం ఇంకా రాలేదని ఒప్పుకుంటున్నాను.

ఖాసిం కూతురు చిలకలూరిపేటలోనే ఉందట. శ్రీను చిరునామా కనుక్కున్నాడు. వెళ్లాలి. ఆమె ఏమంటుందో తెలియదు. ఏమన్నా వినాలి. ఏమీ అనకపోతే అదీ వినాలి.

నిన్న ఇంజను అంటుకుంది. నాలుగో తిప్పుకు. నలభై మూడో పేజీ చింపలేదు. ఆ తొమ్మిది మాటల మీద ఒకే గీత గీసి, కింద చదవడానికి వీలుగా వదిలి, పక్కన జరిగింది రాసి సంతకం చేశాను. నాలుక ఇంకా అక్కడికి పోతూనే ఉంది. కాకపోతే ఇప్పుడు ఎందుకు పోతోందో మరొకరికి తెలుసు.

తర్వాత కొత్త పేజీలో నిన్నటి పని ఎక్కించాను. పిస్టన్లు, రింగులు, ఫ్యాను: సాంబయ్య. కార్బురేటర్: ఖాసిం. కడిగాం, మార్చలేదు.