తాతయ్య కంప్యూటరులో అట్టముక్కల గూడు

మా తాతయ్య ఫొటో స్టూడియో నడుపుతున్నాడు. నడుపుతున్నానని అనుకునేది ఆయనొక్కడే. ఫోనుతో ఫొటోలు తీసేవాళ్లంటే ఆయనకు చులకన, పెన్‌డ్రైవులో వీడియో అడిగేవాళ్లంటే ఇంకా చులకన. అన్నిటికంటే అలుసు మాత్రం వీడియోలను డిస్కుల్లోకి ఎక్కించే రైటరు, అదీ కంప్యూటరుకు వైరు తగిలించుకుని బయట కూర్చునేదంటే. కంప్యూటరు కడుపులో స్క్రూలతో బిగించినదే రైటరట, మిగతావి ఆటబొమ్మలట. పదో తరగతి తప్పిన నాకు ఇవేవీ తలకెక్కవని కూడా ఆయనే తేల్చేశాడు.

ఆయనకు మిగిలిన ఒకే ఒక్క గిరాకీ నాట్యం టీచరు. ఏటా పిల్లల ప్రదర్శనకు పన్నెండు డిస్కులు చేయించుకుంటుంది. ఈసారి నాలుగింటికల్లా ఇవ్వకపోతే వచ్చే ఏడు ఎదురు స్టూడియోకి పోతానని ముందే చెప్పేసింది.

ఇవ్వాల్సిన రోజు పొద్దున పదకొండింటికి ఆయన ముద్దుల లోపలి రైటరు నాలుగో డిస్కును మింగి కక్కలేదు. తాతయ్య బుజ్జగించాడు, దాని మూతి పక్కనున్న చిన్న బొక్కలో సూది పెట్టి పొడిచాడు, చివరికి తిట్టాడు. అది పలకలేదు.

నేను వెళ్లి పక్క కొట్టు జిరాక్స్ మామయ్య దగ్గర బయటి రైటరు అడిగి తెచ్చాను. దాని వైరు ఒక కొసన రెండు పాయలుగా చీలి ఉంటుంది. రెండూ కంప్యూటరుకే గుచ్చాలి. తాతయ్య ఒకటి గుచ్చి, రెండోదాన్ని రబ్బరు బ్యాండుతో చుట్టి పక్కన పడేశాడు.

“ఒక్క పనికి రెండు మూతులా? తిండిపోతు.”

అది వరసగా రెండు డిస్కులు పాడుచేసింది. తాతయ్య మొహం వెలిగిపోయింది. ఉన్న ఒక్క గిరాకీ చెయ్యి జారిపోతున్నా తన మాటే నెగ్గిందని మురిసిపోయే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

“దానికి కరెంటు చాలట్లేదు తాతయ్యా. రెండోది కూడా పెట్టు.”

“పది తప్పినదానివి, నాకు పాఠం చెప్తావా?”

“నేను తప్పింది లెక్కల్లో.”

ఆయన టీకి వెళ్లగానే నేనే పెట్టేశాను. తిరిగొచ్చేసరికి డిస్కు శుభ్రంగా తయారై ఉంది. వెలుగుకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. పాపం, ఎంత వెతికినా తప్పు దొరకలేదు.

ఆఖరి డిస్కు అయ్యేసరికి మూడున్నర. అప్పుడు స్క్రూడ్రైవరు తీశాడు. చచ్చిన రైటరును పీకేసి, ఖాళీ గూట్లో అట్టముక్కలు పేర్చి, మామయ్య రైటరును అందులో దూర్చాడు. వైరు వెనకనుంచి తిప్పి గుచ్చాడు, ఈసారి రెండు కొసలూ.

టీచరు వచ్చి ఒక డిస్కు వేసి చూపించమంది. తాతయ్య ఛాతీ విరుచుకుని మీట నొక్కాడు.

“మా దగ్గర అంతా లోపలిదే టీచరు గారూ.”

“ఏదైతే నాకేంటండీ, పిల్లల అడుగులు కనబడితే చాలు” అని, వచ్చే ఏడాదికి కూడా ఆయనకే చెప్పి వెళ్లింది. గిరాకీ నిలిచిన సంతోషం కంటే ఆ ‘నాకేంటి’ ఆయన్ని ఎక్కువ గుచ్చింది.

సాయంత్రం జిరాక్స్ మామయ్య తన వస్తువు కోసం వచ్చాడు. తాతయ్య కంప్యూటరుకు అడ్డంగా నిలబడ్డాడు.

“నీకు కొత్తది తెచ్చిస్తాలే. లోపలికొచ్చినదాన్ని మళ్లీ బయటికి ఎలా పంపనురా?”