అమ్మ ఎక్కిన కొండ

తడిసిన ఉన్ని వాసన తగిలితే, దొరసాని ఇచ్చిన శాలువా కప్పుకుని అమ్మ ఓడ దిగిన రోజు గుర్తొస్తుంది. మావాళ్లు సముద్రం దాటి కూలికి వచ్చిన సుంగై పెటాని ఊరి దగ్గరి రబ్బరు తోటలో అమ్మ దొరసాని పిల్లలకు ఆయా. నా ఏడో ఏట దొరలు సెలవుకు ఐర్లాండు వెళ్తూ అమ్మను తీసుకెళ్లారు. ఎనిమిది నెలలు నేను అమ్మమ్మ దగ్గర ఉన్నాను.

తిరిగొచ్చాక అమ్మ అక్కడి సంగతులు చెప్పింది. "పాత గుడి, గోడలే మిగిలినాయి. ఆ పక్కన పెద్ద కొండ. దొరలు సెప్పులిప్పేసి ఎక్కినారు. నానూ ఎక్కినాను."

నాకేమీ అర్థం కాలేదు. చెప్పులు విప్పి ఎక్కేది సింహాచలమని అమ్మమ్మ చెప్పేది. దొరలు చెప్పులు విప్పడమేమిటి? అమ్మ నన్ను వదిలి మన కొండకే వెళ్లొచ్చి అబద్ధమాడుతోందనుకున్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు అమ్మే అడిగింది. "ఏటే, కోపమా?"

"మన కొండకి నన్నెందుకు తీసికెళ్నేదు?"

"అది మన కొండ కాదే, ఆళ్ల దేవుడిది. ఆళ్లూ సెప్పులిప్పే మొక్కుతారు. అక్కడ మన దేవుడి పేరు ఎవులికీ తెల్దు."

"మరెందుకు ఎక్కినావు?"

"నీకు జొరమని ఉత్తరమొచ్చినాది. దగ్గర్లో ఆ కొండే ఉన్నాది."

నా జ్వరం తగ్గించింది ఏ దేవుడో తేలక, చాలాకాలం ఇద్దరికీ దండం పెట్టాను. అమ్మకు మాత్రం ఆ అనుమానం వచ్చినట్టే లేదు.