ఆవిరితో ఉప్పు చూసే మనిషి

మా ఆవిడ పులుసును ఏనాడూ రుచి చూసి దించలేదు. దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదన్నది మోపిదేవి దగ్గర పుట్టింట్లో నేర్చుకున్న నియమం. మరిగే గిన్నె మీదికి కాస్త వంగి, ఆవిరి పీల్చి, "ఇంకో చిటికెడు పడాలి" అనేది. వేసేది. సరిపోయేది. బందరులో ముప్పై ఏళ్లు విలేకరిగా తిరిగి, ఏ వేళకు ఇంటికి చేరినా ఆ గిన్నెలో ఉప్పుకు వంక పెట్టే అవకాశం నాకు రాలేదు.

రెండు నెలల కిందట ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. పోతూపోతూ వాసనను పట్టుకుపోయింది. ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది ఖాళీదా?" అని అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గరికి రావడం మానేసింది. తిండీ తగ్గిపోయింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"వాసన తిరిగి రావచ్చు, ఎప్పుడని చెప్పలేం. ఈలోగా మనిషి చిక్కిపోకూడదు. పప్పు, కూరగాయలు బాగా పెట్టండి" అన్నారు డాక్టరు గారు.

అలా పులుసు నా చేతికి వచ్చింది. మెత్తగా ఉడికిన కందిపప్పు, సొరకాయ, బెండకాయ, లంక వంకాయ ముక్కలు, చింతపండు రసం, కాస్త బెల్లం. ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చెప్పేది, నేను చేసేవాణ్ని. మొదటి రోజే ఉప్పు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. నేనూ వంగి ఆవిరి పీల్చాను. కళ్లద్దాలు మసకబారాయి, అంతే.

"వేశారా?"

"వేశాననే అనుకుంటున్నాను."

"అనుకోవడమేంటండీ? వార్తలు కూడా ఇలాగే రాశారా?"

అనుమానంతో మరో చెంచా వేశాను. నైవేద్యం అయ్యాక ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తెలుస్తోందండీ. అదొక్కటే తెలుస్తోంది" అంది. మజ్జిగ తాగి లేచింది.

ఎదురింటి టీచరు గారు తమ చెట్టు మునక్కాయలు ఇవ్వడానికి వచ్చి, సంగతి విని నవ్వారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంటిల్లిపాదికీ వండే మనిషి.

"రుచి చూడకుండా ఎలా దించుతారు అన్నయ్య గారూ? మా ఇంట్లో సగం పులుసు రుచి చూడ్డానికే అయిపోద్ది. అరచేతిలో ఒక్క చుక్క వేసుకుని చూడండి. దేవుడేం అనుకోడులెండి. వదిన గారి సంగతే నాకు తెలీదు."

మర్నాడు ఆ మునక్కాయలు వేసిన పులుసు మరుగుతుంటే, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు అరచేతిలో చుక్క వేసుకున్నాను. ఉప్పు తక్కువ. వేసి, మళ్లీ చూశాను. కుదిరింది. పోపు పెడితే ఇంగువ, కరివేపాకు వాసన వీధి గుమ్మం దాకా నిండింది. ఆవిడ తడి జుట్టుతో వచ్చి, ఆ వాసన మధ్య నుంచే నడిచి వెళ్లి దీపం పెట్టింది. తల కూడా తిప్పలేదు.

రెండు ముద్దలు తిన్నాక నా మొహం చూసింది.

"రుచి చూశారు కదూ?"

మజ్జిగ గ్లాసు ఆవిడ వైపు జరిపాను.

"చూస్తే చూశారులెండి. ఎలా ఉందో చెప్పండి. మీరు చెప్తుంటే తింటాను."

తుఫాన్ల గురించి రాశాను, తిరునాళ్ల గురించి రాశాను. పులుసులో మునక్కాయ వాసన ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. ఆవిడ చెయ్యి కంచంలోనే ఉంది, ఎదురుచూస్తోంది.

"బాగుంది" అన్నాను.

"బాగుందా" అంటూ చెయ్యి కంచంలోంచి తీసేసి, గిన్నె దగ్గరికి లాక్కుని, మిగిలిందంతా నా కంచంలో వడ్డించింది.