కొండకు నేను వేసిన మార్కులు

అడవులకు మార్కులు వేయడం నా ఉద్యోగం. ఏ అడవిని ముందుగా కాపాడుకోవాలో తేల్చడానికి, అది ఎంతవరకు చెక్కుచెదరకుండా ఉందో కొలుస్తాం. ఎన్ని రకాల చెట్లున్నాయి, వాటి పిల్లమొక్కలు వాటంతటవే మొలుస్తున్నాయా, నరికిన మోళ్లెన్ని, జంతువుల జాడలున్నాయా, అన్నీ కాగితం మీద రాసి కొరాపుట్ ఆఫీసుకు పంపాలి. శ్రీకాకుళం నుంచి ఒడిశా వచ్చి రామనగుడ దగ్గర సాగు చేస్తున్న మా నాన్నకు ఇదంతా నవ్వులాట.

"ఆకులు లెక్కెట్టడానిక్కూడా జీతమిత్తారేటమ్మి?" అనేవాడు.

పోయిన వేసవిలో మా పొలం పైనున్న కొండే నా వంతుకు వచ్చింది. సొంత ఊళ్లో టేపు, కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే నా కాలు నేల మీద నిలవలేదు. ఆ గర్వంలోనే తప్పు చేశాను.

మా కాగితంలో అన్నిటికీ లెక్కలుంటాయి. 'నేల పరిస్థితి' అన్న ఒక్క గడి మాత్రం మా అంచనాకు వదిలేశారు. నేను రైతుబిడ్డను. గట్టు నున్నగా చెక్కి ఉంటేనే మా ఇంట్లో మంచి రైతు కింద లెక్క. జీడిమామిడి తోటలో గింజలు ఏరే ముందు నేలంతా ఊడుస్తాం. అలాంటి కళ్లతో చూస్తే, మోకాలి లోతు ఎండుటాకులు, పడి కుళ్లిన మాన్లు, అడుగడుగునా చెదపుట్టలు ఉన్న ఆ కొండ నాకు దిక్కులేని నేలలా కనిపించింది. పదికి రెండు వేశాను. పక్కనున్న జీడితోటకు తొమ్మిది.

నెల తిరక్కుండా జాబితా వచ్చింది. ఆ రెండు మార్కుల వల్ల మా కొండ కాపాడే అడవుల్లో చేరలేదు. దాన్ని చదును చేసి నీలగిరి మొక్కలు నాటవచ్చని రాసి ఉంది.

మా అమ్మకు విస్తళ్లు కుట్టడానికి అడ్డాకులు తెచ్చి ఇచ్చే కొండ ఊరి ముసలమ్మతో ఆ మాట చెప్పాను. ఆమె నన్ను కొండ మీదికి తీసుకుపోయింది. ఒక కుళ్లిన మాను పక్కన కూర్చుని ఆకులు పక్కకు తోసి, గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టింది. మండుటెండల్లో ఆ మట్టి నల్లగా, తడిగా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు జీడితోటలో నేల మీద తన కొడవలితో కొట్టింది. రాయిని కొట్టినట్టు ఖణేల్మంది. 'మీ నాన్న చేలోకి నీళ్లు ఏ కొండ నుంచి దిగుతున్నాయనుకున్నావు?' అని ఒడియాలో అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు రాయగడలో బస్సు మారి కొరాపుట్ వెళ్లాను. మా పై అధికారి సంగతి విని, జాబితా ఖరారైపోయిందన్నాడు. ఆ తర్వాత నా చిరునామా చూసి, కొండ కింద పొలం మీదే కదా, అందుకేనా మార్కులు పెంచమంటున్నావని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. అయినా అడగాల్సిన మాటే అడిగాడు.

"తప్పు నాది సార్, కొండది కాదు. నేను ఆ కొండ ఎక్కను. వేరేవాళ్లను పంపండి. ఆకులు తీసి, కింద మట్టిని చేత్తో పట్టి చూడమనండి. నేను కొలిచిన మిగతా కొండలు కూడా అలాగే మళ్లీ చూడాలి" అన్నాను.

ఆయన నా కాగితం మీద 'మళ్లీ చూడాలి' అని రాసి, సరేనన్నాడు.

వేరే బృందం నుంచి ఇద్దరు వచ్చారు. రెండు రోజులు నేను మా అరుగు దిగలేదు. వాళ్లు గోళ్లనిండా మట్టితో దిగివచ్చి, ఆ గడిలో తొమ్మిది వేశారు. కొండ జాబితాలో చేరింది. నేను రెండు వేసిన మరో మూడు కొండల మార్కులు కూడా మారాయి. ఇప్పుడు మా కాగితంలో ఆ గడి పక్కన 'ఆకుల కింద చెయ్యి పెట్టి చూడండి' అని అచ్చయి ఉంటుంది. అది నా మాటే. ఎవరి పేరూ లేని ఆ వాక్యాన్ని చూసినప్పుడల్లా నా ఛాతీ పొంగుతుంది.

ఇంట్లో ఆ సంగతి చెబుతుంటే నాన్న మధ్యలో అందుకుని, "అయితే మన గట్టుకెన్నేత్తావేటి?" అన్నాడు.

"రెండు" అన్నాను. నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు.

వానలు పడ్డాక పక్క పొలం రైతు వచ్చి, గడ్డి పెరిగిన మా గట్టును వింతగా చూశాడు. నాన్న జీవితంలో ఏనాడూ గట్టును అలా వదల్లేదు.

"ఏటిది, ఈయేడు గట్టు సెక్కనేదా? ఒంట్లో బాగోనేదా?" అని అడిగాడు.

నాన్న నావైపు ఓరగా చూశాడు.

"సెక్కితే మా పిల్ల మార్కులు కోసేత్తాది" అన్నాడు.