జరిపిన పాఠం
ఢిల్లీలో విద్యాశాఖ ఆఫీసు గోడమీది పటం ముందు, సిలబస్ తయారుచేసే అధికారి హైమవతి రోజూ చెప్పులు విడిచి నిలబడుతుంది. ఏ తరగతికి ఏ నెల ఏ పాఠమో అందులో రంగు కాగితాలుగా అంటించి ఉంటుంది. నిరుడు భిన్నాల కాగితాన్ని ఐదో తరగతి నుంచి నాలుగుకి జరిపింది. వరుస చక్కగా కుదిరింది. కొత్త పుస్తకాలు బడులకు చేరాక రేవతి అనే ఐదో తరగతి టీచరు, తెలుగావిడే, ఫోన్ చేసింది.

“మేడమ్, ఈ ఏడు ఐదుకొచ్చినవాళ్లు పోయినేడు నాలుగులో పాత పుస్తకమే చదివారు. అందులో భిన్నాల్లేవు. ఇప్పుడు ఐదులోనూ తీసేశారు. వీళ్లకెవరు చెప్తారండీ?”

“అచ్ఛా, చూద్దాం,” అని హైమవతి ఫోన్ పెట్టేసి, పటంలో లేచిన కాగితం అంచును వేలితో అదిమింది.

సాయంత్రం, ఈ ఏడే ఐదుకొచ్చిన కూతుర్ని కూర్చోబెట్టి భిన్నాలు మొదలుపెట్టింది.

“మమ్మీ, యే తో సిలబస్ మే హీ నహీ హై,” అంది కూతురు, ఇది సిలబస్‌లోనే లేదుగా అని.

“నీకు చెప్పడానికి నేనున్నాగా. రాయి.”